సుంకం అమెరికాలో... దెబ్బ చెరువు గట్టుపై

భీమవరం (మా విలేఖరి నుంచి): రొయ్య మన నీళ్లలోనే పెరుగుతుంది. దాని ధర మాత్రం మన ఊళ్లో పుట్టదు. 2025 ఏప్రిల్ 2న అమెరికా ప్రభుత్వం భారతదేశపు సరుకులపై 26 శాతం సుంకం వేస్తామని ప్రకటించగా, కొద్ది రోజులు తిరక్కుండానే ఇక్కడ కౌంటు ధరలు పడిపోయాయి. ఆ 26 శాతం అప్పటికి వసూలులోకే రాలేదు. పైగా 9వ తేదీన దానిని 90 రోజులు వాయిదా వేశారు. కొనేవారు ముందుజాగ్రత్త పడితే ఆ జాగ్రత్త ఖరీదు రైతు నెత్తిన పడింది.

పట్టుబడికి వచ్చిన చెరువును ఎన్నాళ్లో ఆపలేము. ధాన్యమైతే పురి కట్టి దాచుకోవచ్చు. రొయ్యకు రోజూ మేత వేయాలి, ఏరేటర్లు తిరగాలి, కరెంటు పోతే జనరేటరులో డీజిలు పోయాలి. తెల్లమచ్చ కనిపిస్తే ఆ రాత్రే వల దించాలి. ఈ సంగతి కొనేవారికీ బాగా తెలుసు.

అలాగని విదేశీ వర్తకం మనకు చెరుపే చేసిందంటే అది నిజం కాదు. మనం పెంచుతున్న వనామీయే మన సీమది కాదు, అమెరికా ఖండపు పసిఫిక్ తీరానిది. 1994-95లో తెల్లమచ్చ తెగులు టైగర్ రొయ్యను ఊడ్చిపెట్టింది. చాలా ఏళ్ల తర్వాత, 2009లో ప్రభుత్వం వనామీకి అనుమతి ఇచ్చింది. తల్లి రొయ్యలు విమానాల్లో వచ్చి, చెన్నైలో పరీక్షలైన మీదటే హేచరీలకు చేరతాయి. 2024-25లో దేశం ఎగుమతి చేసిన సముద్ర ఉత్పత్తుల విలువ 62,408 కోట్ల రూపాయలు. అందులో పెద్ద వాటా రొయ్యది, పెద్ద గిరాకీ అమెరికాది. వరి మీద బాకీలు తీరని కుటుంబాలు కొన్ని రొయ్య మీద డాబాలు కట్టాయి, పిల్లలను చదివించాయి.

సంపన్న దేశంలోనైనా అందరూ లాభపడలేదు. అక్కడి పట్నవాసికి రొయ్య చౌక అయింది. లూసియానా, టెక్సాస్ తీరాల్లో పడవలపై వేటకు పోయే జాలరులకు మాత్రం ధర గిట్టక పోయింది. వారి పక్షం మొరపెట్టుకున్న మీదటే 2005లో ఇండియాతో సహా ఆరు దేశాల రొయ్యలపై అదనపు సుంకం పడింది. ఆ జాలరిపై మన రైతుకు కోపం ఎందుకు? అతనిదీ మన బాధే.

2025 ఆగస్టు 27 నుంచి మన సరుకుపై సుంకం 50 శాతం అయింది. పోటీదారైన ఈక్వెడారుకు అప్పుడు 15 శాతమే. ఇలాంటప్పుడు ఎగుమతిదారు చైనా వైపో, ఐరోపా వైపో చూస్తాడు. సొంత భూమి గల రైతు ఒక పంట మానుకుని చెరువు ఎండగట్టుకుంటాడు. కౌలు రైతుకు చెరువు ఎండినా కౌలు ఆగదు. షెడ్లలో తల తీసి పొట్టు వలిచే ఆడవారికి చాలాచోట్ల కిలోల లెక్కన కూలి. లారీ రాని రోజున వారికి కూలీ లేదు.

ఇక రొయ్య వేయనే వేయని వారున్నారు. పక్క చెరువు ఉప్పు ఊట దిగి వరి దెబ్బతిన్న చిన్న రైతులు, మంచినీళ్ల చెరువు చెడిపోయిన ఊళ్లవారు. రొయ్య ధర పెరిగిన ఏడాదైనా, పడిన ఏడాదైనా వారు తాగే నీళ్లను డబ్బాల్లో కొనుక్కుంటూనే ఉన్నారు.