రిటైరయ్యాక కట్టుకునే ఇల్లు: గుమ్మానికి తోట ఎంత దూరం?

ఉద్యోగ విరమణ దగ్గర పడుతున్న టీచర్లు, రైల్వే ఉద్యోగులు, మన నర్సులు కూడా, బీపీ చూపించుకోవడానికి వచ్చినప్పుడు తరచుగా ఒక మాట చెబుతుంటారు. ఊళ్లో కాస్త స్థలం ఉంది, చిన్న ఇల్లు వేసుకుని నాలుగు మొక్కలు, నాలుగు కోళ్లు పెంచుకుంటూ ఉండిపోతామని. చాలా మంచి ఆలోచన. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ ఉద్యోగుల విరమణ వయసును 2022లో 62 ఏళ్లకు, తెలంగాణలో 2021లో 61 ఏళ్లకు పెంచారు. ఆ తరువాత దేవుడు ఆయుష్షు ఇస్తే మరో పదిహేను, ఇరవై ఏళ్లు ఆ ఇంట్లోనే గడపాలి. కాని చాలామంది అప్పటికి తమకున్న మోకాళ్లను చూసుకుని ఇల్లు కడతారు. 75 ఏళ్ల మోకాళ్లు కూడా అందులో కాపురం ఉండబోతున్నాయని ప్లాను గీయించేటప్పుడు ఎవరికీ గుర్తు రాదు.

తరువాత జరిగేది మేము చూస్తూనే ఉన్నాం. నాలుగడుగుల పునాది, నున్నటి గ్రానైటు మెట్లు, వెనకాల తోట. మొదటి రెండు మూడేళ్లు పొద్దున్నే పార పట్టుకుని దిగుతారు. మోకాలు నొప్పి మొదలయ్యాక రోజు విడిచి రోజు, ఆ తరువాత వారానికోసారి. చివరికి వరండాలో కుర్చీ, అక్కడి నుంచి టీవీ ముందుకు. తోట ఉంటుంది, కిటికీలోంచి కనబడుతుంది, దిగడం మాత్రం ఉండదు. నడక తగ్గిన కొద్దీ కాళ్లలో బలం తగ్గుతుంది, బలం తగ్గితే పడిపోవడం ఎక్కువవుతుంది. పెద్ద వయసులో తుంటి ఎముక విరగడానికి చెట్టు మీద నుంచో మేడ మీద నుంచో పడనక్కరలేదు. తడి బాత్రూములో, గడప దగ్గర, చీకట్లో ఒక్క మెట్టు తప్పినా చాలు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల ప్రకారం 65 ఏళ్లు దాటినవారు కూడా వారానికి కనీసం 150 నిమిషాలు ఒక మోస్తరు శ్రమ చేయాలి. వారంలో మూడు రోజులైనా బ్యాలెన్సుకు, కండరాల బలానికి పనికొచ్చే పనులు ఉండాలి. వాకింగుకు వెళ్లమంటే ఏదో ఒక సాకు చెప్పేవారు బీరపాదు చూసుకోవడానికి రోజుకు పదిసార్లు దిగుతారు. అందుకే మొక్కలు, కోళ్లు, వడ్రంగం పని వంటి వ్యాపకాలను మేము కాలక్షేపం అనుకోము.

చెట్లను చూడడంలోనూ మేలు ఉంది. రోజర్ ఉల్రిచ్ అనే పరిశోధకుడు 1984లో అమెరికాలోని ఒక ఆసుపత్రి రికార్డులు పరిశీలించి ఒక వ్యాసం ప్రచురించారు. పిత్తాశయం ఆపరేషను అయినవారిలో కిటికీలోంచి చెట్లు కనబడే గదుల్లో ఉన్నవారు, ఇటుక గోడ కనబడే గదుల్లో ఉన్నవారి కంటే సుమారు ముప్పావు రోజు ముందుగా ఇంటికి వెళ్లారట. ఇద్దరిద్దరు చొప్పున 23 జతల రోగులనే పోల్చారు కనుక అది చిన్న పరిశీలనే. అయినా మంచం ఎటు వేయాలో ఆలోచించేటప్పుడు గుర్తుంచుకోదగినది.

ఇక ఇంటి సంగతికి వద్దాం. స్థలం చదును చేయిస్తూ మన మేస్త్రీలు చేయించే మొదటి పని ఉన్న చెట్లన్నీ కొట్టించడం. లారీ బేకర్ గారి పేరు కొందరైనా వినే ఉంటారు. ఇంగ్లండులో పుట్టి, 1945లో కుష్ఠు రోగుల ఆసుపత్రుల కట్టడం పని మీద మన దేశానికి వచ్చి, పిథోరాగఢ్ కొండల్లో డాక్టరైన భార్య ఎలిజబెత్ గారితో కలిసి ఏళ్ల తరబడి ఆసుపత్రి నడిపిన ఆర్కిటెక్టు ఆయన. తరువాత తిరువనంతపురంలో రాతి గుట్ట వాలు మీద తన ఇల్లు కట్టుకున్నారు. 2007లో 90 ఏళ్ల వయసులో కన్నుమూశారు. ఆ వాలు మన మోకాళ్లకు పనికిరాదు గాని, నేలను, చెట్లను ఉన్నవి ఉన్నట్టు ఉంచి వాటికి తగ్గట్టు ఇల్లు గీయడం ఆయన దగ్గర నేర్చుకోవచ్చు. పడమర వైపు వేపచెట్టు ఉంటే దాన్ని ఉంచండి. అది ఇచ్చే నీడ ఏ కూలరూ ఇవ్వదు. వరండా తూర్పుకు పెట్టుకుంటే పొద్దుటి వెలుతురులో కూర్చుని చిక్కుళ్లు వలుచుకోవచ్చు.

అసలు కొలత పునాది ఎత్తు. వరద నీరు రాని చోట అడుగున్నర చాలు. గోదావరి లంకల వంటి పల్లపు ప్రాంతాల్లో మూడడుగులో అంతకంటే ఎక్కువో తప్పదు. ఎత్తు ఎంతైనా మెట్టు ఆరంగుళాలు మించకూడదు, పాదం పెట్టే వెడల్పు 12 అంగుళాలు ఉండాలి, రెండు వైపులా పట్టుకోవడానికి కడ్డీలు ఉండాలి. మెట్లతో పాటు వాలుదారి కూడా వేయించండి. అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవు లెక్క. అంటే మూడడుగుల పునాదికి 36 అడుగులు. "అంత స్థలం ఎక్కడిదండీ" అంటారు. తిన్నగా వేయనక్కరలేదు. మధ్యలో మలుపు దగ్గర చదునైన చోటు ఉంచి, పక్కన బంతి, కనకాంబరం వేసుకుంటే అదే తోటలోకి దారి అవుతుంది. చేతికర్రతోనైనా, చక్రాల కుర్చీలోనైనా రేపు తోటలోకి తీసుకెళ్లేది ఆ దారే.

తలుపులు మూడడుగుల వెడల్పు ఉండాలి. వీధి గుమ్మానికి గడప కావాలంటే ఉంచుకోండి, లోపలి గదులకు మాత్రం వద్దు. నేలకు పాలిషు గ్రానైటు కంటే గరుకుగా ఉన్న తాండూరు బండో, కడప బండో మేలు. బాత్రూము పడకగదిని ఆనుకునే ఉండాలి. అక్కడ పట్టుకునే కడ్డీని గోడ కట్టేటప్పుడే గట్టిగా బిగించాలి. తువ్వాలు ఆరేసే రాడ్డు మనిషి బరువు ఆపదు.

తోటలో మాకు బాగా నచ్చేది ఎత్తు మడి. ఇటుకలతో రెండున్నర అడుగుల ఎత్తు, నాలుగడుగుల వెడల్పు తొట్టిలా కట్టి మట్టి, పశువుల ఎరువు నింపితే రెండు వైపుల నుంచి చేయి అందుతుంది, వంగే పని ఉండదు. బీపీ మాత్రలు వాడేవారికి వంగి లేవగానే కళ్లు తిరుగుతుంటాయి కనుక ఇది మరీ అవసరం. బిందెలతో మోయకుండా మడి పక్కనే కుళాయి పెట్టించండి. వడ్రంగం, కుట్టుపని, బొమ్మలు వేయడం ఇష్టమైతే ఉత్తరం కిటికీ దగ్గర మోచేతి ఎత్తులో బల్ల వేసుకోండి. కళ్లలో ఎండ పడని వెలుతురు రోజంతా ఉంటుంది. కొబ్బరిచెట్టు మాత్రం నడిచే దారికి దూరంగా ఉండాలి. మునగకాయలకు చెట్టెక్కవద్దు, దాని కొమ్మలు పెళుసు.

పచ్చదనం ఉన్న చోట పాములూ ఉంటాయి. కట్టెలు, ఇటుకలు గోడ పక్కన పేర్చవద్దు. కోళ్ల గూడు ఇంటికి ఎడంగా, నేలకు ఎత్తులో ఉండాలి. గింజలకు ఎలుకలు, ఎలుకలకు పాములు వస్తాయి. కట్లపాము రాత్రిళ్లు నేల మీద పడుకున్నవారిని కరుస్తుంది కనుక మంచం మీద, దోమతెర అంచులు పరుపు కింద దోపి పడుకోండి. కాటు పడితే కట్టు కట్టి, కోసి, మంత్రాలకు తిరిగి ఆలస్యం చేయకుండా విషానికి విరుగుడు ఇంజెక్షను ఉన్న ఆసుపత్రికి వెళ్లాలి. అందుకే స్థలం కొనే ముందే అర్ధరాత్రి ఆసుపత్రికి చేరడానికి ఎంతసేపు పడుతుందో చూసుకోండి. అరగంట దాటితే ఎంత అందమైన స్థలమైనా మేము వద్దనే చెబుతాం. పలకరించే ఇరుగుపొరుగు లేకపోయినా అంతే.

డబ్బు మాట కూడా చెప్పాలి. రెండేళ్లకోసారి అమెరికా నుంచి వచ్చే పిల్లల కోసమని పీఎఫ్ సొమ్మంతా పై అంతస్తులో పోసి, మందులకు వెతుక్కునేవారున్నారు. కింద రెండు గదులు, వంటిల్లు, వరండా చాలు. వీలైతే ముందుగా ఆ ఊళ్లో ఒక ఎండాకాలం, ఒక వానాకాలం అద్దెకు ఉండి చూడండి.

మేస్త్రీ ముగ్గు పోయకముందే ప్లాను కాగితం తెచ్చి మా ఫిజియోథెరపీ విభాగంలో చూపించండి. మోకాలు నొప్పి మీకుందో, మీ ఇంటావిడకుందో వాళ్లకు చెబితే మెట్లు, కడ్డీలు, మంచం ఎత్తు కొలతలు కాగితం మీదే గుర్తు పెట్టి ఇస్తారు.