కరెంటు బిల్లు: ఇంటి మీటరుకు ఒక లెక్క, కొట్టు మీటరుకు మరో లెక్క

ఏలూరు: తాడేపల్లిగూడెం ఉల్లి మార్కెట్టులో పాట ముగిశాక హమాలీ, కమీషను, లారీ కిరాయి అన్నీ కలుపుకొని బస్తా ఎంతకు పడ్డదో లెక్క చూసుకోని వర్తకుడు వుండడు. అదే వర్తకుడు కరెంటు బిల్లు వస్తే మాత్రం అడుగున వున్న మొత్తం చూసి గుమాస్తా చేతికి ఇచ్చేస్తాడు. టారిఫులో అచ్చయ్యే యూనిటు రేటు వేరు, ఆ యూనిటు కొట్టుకు పడే ధర వేరు. ఈ రెంటి మధ్య దూరం 2022 తర్వాత బాగా పెరిగింది. పెరిగిన భారం ఇంటి మీటరు మీద, కొట్టు మీటరు మీద ఒకే తీరుగా పడలేదు. చిన్న కొట్టు మీద ఎక్కువ పడింది.

ఏలూరు, తాడేపల్లిగూడెం ప్రాంతాలకు కరెంటు ఇచ్చేది విశాఖపట్నం కేంద్రంగా వున్న తూర్పు ప్రాంత పంపిణీ సంస్థ, అంటే ఈపీడీసీఎల్. రేట్లు ఖరారు చేసేది మాత్రం 1999లో ఏర్పడిన విద్యుత్ నియంత్రణ మండలి. బిల్లులో ముఖ్యమైన పద్దులు నాలుగు. వాడిన యూనిట్లకు ఎనర్జీ చార్జీ, రాయించుకున్న లోడును బట్టి ఫిక్సెడ్ చార్జీ, ప్రభుత్వానికి పోయే విద్యుత్ సుంకం, వెనకటి ఖర్చుల సర్దుబాటు. కస్టమరు చార్జీ అని ఇంకొకటి వుంది గాని అది స్వల్పం. దిగువ లెక్కల్లో దాన్ని పట్టలేదు.

2022-23కు మండలి గృహ మీటర్లకు కొత్త మెట్లు పెట్టింది. మొదటి 30 యూనిట్లకు 1.90 రూపాయలు, 75 దాకా 3.00, 125 దాకా 4.50, 225 దాకా 6.00, 400 దాకా 8.75, ఆపైన 9.75. ఈ మెట్లు 2025-26 దాకా మారలేదు. వాణిజ్య మీటరుకు ఆ సంవత్సరం మొదటి 50 యూనిట్లకు 5.40, నూరు దాకా 7.65, 300 దాకా 9.05, 500 దాకా 9.60, ఆపైన 10.15. ఫిక్సెడ్ చార్జీ ఇంటికి కిలోవాటుకు నెలకు 10 రూపాయలు కాగా కొట్టుకు 75. సుంకం ఇద్దరికీ యూనిటుకు 6 పైసలే వుండేది. 2022 ఏప్రిల్‌లో రాష్ట్ర ప్రభుత్వం వాణిజ్య, పారిశ్రామిక మీటర్లకు దాన్ని ఒక రూపాయి చేసింది. ఇళ్ళకు 6 పైసలే వుంచింది.

ఆ రేట్లతోనే ఒక లెక్క చూడవచ్చు. నెలకు 50 యూనిట్లు కాల్చే, కిలోవాటు లోడున్న ఇంటికి ఎనర్జీ చార్జీ 117 రూపాయలు, ఫిక్సెడ్ 10, సుంకం 3. వెరసి 130. అంటే యూనిటు 2.60కి పడుతుంది. అవే 50 యూనిట్లు, అదే లోడు వున్న కిళ్ళీ కొట్టుకు ఎనర్జీ 270, ఫిక్సెడ్ 75, సుంకం 50. వెరసి 395. యూనిటు 7.90కి పడింది. సరిగ్గా మూడు రెట్ల పైన.

200 యూనిట్ల దగ్గర, రెండు కిలోవాట్ల లోడుతో ఇంటికి 899 రూపాయలు, కొట్టుకు 1,907.50. ఇక్కడ కొట్టుకు రెండు రెట్ల పైచిలుకు. 600 యూనిట్లు, నాలుగు కిలోవాట్లు తీసుకుంటే ఇంటికి 4,574 రూపాయలు, కొట్టుకు 6,297. తేడా మూడో వంతుకు కాస్త పైన మాత్రమే. రెండు ఏసీలు తిరిగే మేడకూ, అంతే కాల్చే బట్టల కొట్టుకూ మధ్య దూరం తగ్గిపోయింది. ఒక ఫ్యాను, నాలుగు బల్బులు, ఒక ఫ్రిజ్జి వున్న కొట్టువాడికి మాత్రం పక్కింటివాడితో పోలిస్తే మూడు రెట్లు. వాణిజ్య మీటరు అనగానే పెద్ద వర్తకుడి బొమ్మ మనసులో పెట్టుకొని మాట్లాడడం రివాజు గాని, లెక్క వేస్తే తేలేది ఇదీ.

ఇళ్ళకు, సేద్యానికి సరఫరా అయ్యే ఖర్చుకన్నా తక్కువకు ఇచ్చి, ఆ లోటులో కొంత ప్రభుత్వ సబ్సిడీగా, కొంత కొట్లు, పరిశ్రమల మీద హెచ్చు రేటుగా రాబట్టడం ఈ పద్ధతికి మూలం. వర్తకుడికి మరో ఇబ్బంది కూడా వుంది. కరెంటు సరఫరా మీద జీఎస్టీ లేదు. కనుక ఇన్‌పుట్ క్రెడిట్ మాట రాదు. కట్టిన సుంకం కూడా తిరిగి రాదు. అది పూర్తిగా సరకు ధరలోకి ఎక్కవలసిందే.

ఇంటి మీటరు మీదే అరుగు మీది కొట్టు నడిపితే సరిపోతుందనుకునేవారు లేకపోలేదు. 2003 విద్యుత్ చట్టం 126వ సెక్షను ప్రకారం అది అనధికార వాడకం. వర్తించవలసిన రేటుకు రెట్టింపు వేస్తారు. ఎప్పటినుంచి వాడారో తేలకపోతే తనిఖీకి ముందు 12 నెలలకు లెక్క కడతారు. ఏడాది పొడుగునా మిగిలిందనుకున్నది ఒక్క నోటీసుతో పోతుంది.

మిల్లుల విషయంలో ఫిక్సెడ్ చార్జీ అసలు సంగతి. లో టెన్షన్ పరిశ్రమకు 2022-23లో యూనిటు 6.70, కిలోవాటుకు 75 రూపాయలు. 75 కిలోవాట్ల లోడున్న బియ్యపు మిల్లు సీజనులో నెలకు 5,000 యూనిట్లు ఆడితే ఎనర్జీ 33,500, ఫిక్సెడ్ 5,625, సుంకం 5,000. మొత్తం 44,125. యూనిటు 8.82కి పడ్డట్టు. ధాన్యం లేని నెలలో 500 యూనిట్లే తిరిగితే మొత్తం 9,475. యూనిటు దాదాపు 19 రూపాయలు. రేటు మారలేదు, మోటారు ఆగింది, అంతే. రవ్వ, నూకలకు గిట్టుబాటు కట్టేటప్పుడు సీజను నెలల బిల్లునే ప్రమాణంగా పెట్టుకుంటే లెక్క తప్పుతుంది. పాత మోటార్లు తీసేసినా లోడు తగ్గించుకోని మిల్లులు అనవసరంగా ఈ చార్జీ మోస్తూనే వుంటాయి.

కొల్లేటి వైపు లెక్క ఇంకో రకం. చెరువులో ఏరేటరు తిప్పే రైతుకు ఆక్వా రేటు యూనిటు 3.85. 2019లో ప్రభుత్వం దాన్ని 1.50కి దించి, తేడాను సబ్సిడీగా భరించింది. తర్వాత ఆ రాయితీకి ఆక్వా జోను, ఎకరాల హద్దులు వచ్చాయి. అదే చేపకు ఐసు వేసే ఫ్యాక్టరీ మాత్రం పరిశ్రమ కిందికి వస్తుంది. చెరువు గట్టు మీద ఒక రేటు, రోడ్డు పక్క ఐసు ఫ్యాక్టరీలో దానికి ఎన్నో రెట్లు. ఆకివీడు, కైకలూరు నుంచి కలకత్తా, అస్సాం పోయే లారీలో చేపతోపాటు ఐసు బరువూ పోతుంది. కనుక రైతుకు కరెంటు చవక అన్నంత మాత్రాన లారీ సరకు ఆ మేరకు చవక కాదు. పెట్టె ధర మాట్లాడే కమీషనుదార్లకు ఈ సంగతి తెలియనిది కాదు.

ఇక వెనకటి ఖర్చుల సర్దుబాటు. వర్తకానికి ఎక్కువ చిక్కు తెచ్చేది ఇదే. బొగ్గు ధర, బయట కొన్న కరెంటు ధర మండలి వేసిన అంచనా దాటితే ఆ తేడాను తర్వాత వసూలు చేస్తారు. 2014-19 నాటి తేడాను 2022 ఆగస్టు నుంచి 36 నెలలు రాబట్టారు. ఈపీడీసీఎల్ పరిధిలో యూనిటుకు 7 పైసలు, మిగతా రెండు సంస్థల్లో 22 పైసలు. పాత కృష్ణా జిల్లా 2020లో సీపీడీసీఎల్‌లోకి వెళ్ళింది. ఒకే సరస్సు చుట్టూ వున్న వ్యాపారులకు సర్దుబాటు రెండు రకాలుగా రావడానికి కారణం అది. 2023 నుంచి యూనిటుకు 40 పైసల దాకా నెలనెలా వసూలు చేసుకునే వీలు సంస్థలకు వచ్చింది. 2022-23 ఇంధన, కొనుగోలు ఖర్చుల కింద 6,072.86 కోట్లకు మండలి అనుమతి ఇవ్వగా 2024 డిసెంబరు నుంచి 15 నెలలకు వాయిదాలు వేశారు.

2022-23లో ఆడించిన బియ్యం అప్పుడే అమ్ముడయ్యాయి. చిఠ్ఠా మూసేశారు, ఆదాయపు పన్ను కట్టేశారు. ఆ బియ్యానికి పట్టిన కరెంటు ఖర్చులో ఒక భాగం 2025లో బిల్లుగా వచ్చింది. పాత బేరం తిరగరాయడానికి వీల్లేదు. కొత్త సరకు మీద వేస్తే పోటీలో వున్న మిల్లు దగ్గరికి కొనుగోలుదారు పోతాడు.

సర్దుబాటు అన్నిసార్లూ పైకే పోదు. 2024-25కు 40 పైసల చొప్పున సంస్థలు వసూలు చేసింది 2,787 కోట్లు కాగా, మండలి ఒప్పుకున్నది 1,863.64 కోట్లే. మిగిలిన 923.55 కోట్లు 2025 నవంబరు నుంచి 12 నెలలు యూనిటుకు 13 పైసల చొప్పున తగ్గించి ఇవ్వాలని ఉత్తర్వు వచ్చింది. నెలకు 500 యూనిట్ల కొట్టుకు అది 65 రూపాయలు.

ఈ పద్దులో అద్దె కొట్ల తగాదా ఒకటి వుంది. 2022-23 తేడా లెక్క అప్పుడు ఆ మీటరు మీద తిరిగిన యూనిట్లను పట్టి వస్తుంది. అప్పుడు కొట్టులో వున్నది ఒకరు, 2025లో వున్నది ఇంకొకరు. పాత బేరగాడు వాడిన కరెంటుకు కొత్త బేరగాడు డబ్బు కట్టవలసి వచ్చింది. మీటరు సొంతదారు పేరున వుంటుంది గనుక సంస్థకు ఎవరు కట్టినా ఒకటే. అద్దె కాగితంలో నెలవారీ కరెంటు బిల్లు అద్దెదారుదే అని ఒక్క ముక్క రాసుకోవడం చాలామందికి అలవాటు. తాను దిగిన తేదీకి ముందరి సర్దుబాట్లు ఎవరివో అందులో లేదు. కాగితం తిరగరాసేటప్పుడు దిగిన రోజు మీటరు రీడింగు, ఖాళీ చేసిన తర్వాత వచ్చే సర్దుబాటు ఎవరు భరించాలో చేర్చుకుంటే ఈ పేచీ వుండదు. అడ్వాన్సు వెనక్కి ఇచ్చేటప్పుడు సొంతదారు కొంత సొమ్ము అట్టే పెట్టుకోవాలా, పెట్టుకుంటే ఎన్నాళ్ళు అన్నది కూడా అక్కడే తేల్చుకోవలసి వుంటుంది.