నీరు తీసే మాత్రలు – తరగని కొవ్వు

కాకతీయుల కాలం నుండి ఓరుగల్లు సీమ చెరువులకు పెట్టింది పేరు. పాకాల, రామప్ప, లక్నవరం చెరువులు శతాబ్దాలుగా ఈ నేలను సస్యశ్యామలం చేస్తున్నాయి. చెరువులో పూడిక పేరుకొన్నప్పుడు గ్రామస్థులు తట్ట, పార చేతబట్టి మట్టిని ఎత్తిపోస్తారే గాని, తూము తెరచి నీటిని వదలివేయరు. నీరు పోయినంత మాత్రాన పూడిక పోదు. పైగా ఆయకట్టు ఎండిపోతుంది. సామాన్య రైతుకు తెలిసిన ఈ సత్యాన్ని మన దేహం విషయంలో చదువుకొన్నవారు సైతం విస్మరించడం విచారకరం.

త్వరగా సన్నబడాలన్న ఆరాటంతో కొందరు యువతీయువకులు మూత్రవర్ధక మాత్రలను ఆశ్రయిస్తున్నారు. వీటినే జనవ్యవహారంలో నీరు తీసే మాత్రలంటారు. పెండ్లి దగ్గరపడిందని ఒకరు, పోటీలో తక్కువ బరువు విభాగంలో నిలవాలని మరొకరు, తోటివారి ఎగతాళి భరించలేక ఇంకొకరు, ఇంట్లో పెద్దల కోసం తెచ్చిన మాత్రలను రహస్యంగా మింగుతారు. మరునాడు త్రాసు ముల్లు ఒకటి రెండు కిలోలు తగ్గినట్లు చూపగానే సంబరపడతారు. ఆ సంబరం వెనుక పొంచి ఉన్న ప్రమాదం వారికి తెలియదు.

మూత్రవర్ధకాలు స్వతహాగా చెడ్డవి కావు. చరకసంహిత మూత్రవిరేచనీయాలనే పేరుతో కొన్ని ఓషధులను పేర్కొన్నది. మన పొలాలలో కనిపించే పల్లేరు వాటిలో ఒకటి. ఆ గ్రంథమే అతిస్థూలునితో పాటు అతికృశుని కూడా నిందితుల కోవలో చేర్చడం గమనార్హం. ఆధునిక వైద్యంలో 1950వ దశకం చివర క్లోరోథయజైడ్, 1960వ దశకంలో ఫ్రుసమైడ్ వాడుకలోకి వచ్చాయి. గుండె నీరసించి ఊపిరితిత్తులలో నీరు చేరినవారికి, కాలేయవ్యాధితో పొట్ట ఉబ్బినవారికి, రక్తపోటు గలవారికి ఇవి ప్రాణరక్షకాలు. కాని అవి రోగిని పరీక్షించి, రక్తంలోని లవణాలను గమనిస్తూ వైద్యుడు ఇచ్చే మందులు, సౌందర్యసాధనాలు కావు.

ఈ మాత్రలు పనిచేసే తీరు తెలిస్తే వాటి ప్రమాదం సులభంగా బోధపడుతుంది. మన మూత్రపిండాలు దినానికి సుమారు 180 లీటర్ల ద్రవాన్ని వడపోస్తాయి. అందులో నూటికి 99 పాళ్లు తిరిగి రక్తంలో చేరగా, మిగిలిన ఒకటిన్నర లీటర్లు మాత్రమే మూత్రంగా వెలువడుతుంది. మూత్రవర్ధకాలు సోడియం లవణం తిరిగి రక్తంలో చేరకుండా అడ్డుపడతాయి. ఉప్పు వెంట నీరు, నీటి వెంట పొటాషియం, మెగ్నీషియం వంటి ఖనిజాలు కూడా బయటికి పోతాయి.

లీటరు నీరు పోతే కిలో బరువు తగ్గుతుంది. అయితే అది కొవ్వు కాదు. కిలో కొవ్వులో దాదాపు 7,700 కిలోకేలరీల శక్తి దాగి ఉంటుంది. ఆ శక్తి ఖర్చయితేనే కొవ్వు కరుగుతుంది; మూత్రం ద్వారా పోయే మార్గం దానికి లేదు. మాత్ర ప్రభావం తగ్గగానే దాహం పెరిగి, దేహం పోయిన నీటిని తిరిగి కూడగట్టుకొంటుంది. బహుదినాలు వాడి హఠాత్తుగా మానినవారిలో దేహం ఉప్పును, నీటిని మరింతగా పట్టి ఉంచడం వల్ల కాళ్లు, ముఖం ఉబ్బుతాయి. అది లావు పెరగడమని భ్రమించి వారు మళ్లీ మాత్ర అందుకొంటారు. ఈ విధంగా అలవాటు వ్యసనమవుతుంది.

పొటాషియం కొరత అన్నింటికంటే భయంకరమైనది. లీటరు రక్తద్రవంలో అది 3.5 నుండి 5 మిల్లీ ఈక్వివలెంట్ల మధ్య ఉండాలి. అంతకు తగ్గితే పిక్కలు పట్టుకొంటాయి, కండరాలు సత్తువ కోల్పోతాయి. మరీ తగ్గితే గుండె లయ తప్పి, ఆకస్మికంగా ఆగిపోవచ్చు. ఉపవాసాలు చేస్తూ, తిన్నది వాంతి చేసుకొంటూ ఈ మాత్రలు వాడేవారికి ఈ గండం మరింత దగ్గర. సోడియం తగ్గితే మతి తప్పడం, మూర్ఛ రావడం జరుగుతాయి. రక్తపోటు పడిపోయి కళ్లు తిరుగుతాయి. మూత్రపిండాలకు చాలినంత రక్తం అందక అవి దెబ్బతింటాయి. మే నెలలో 44 డిగ్రీలు దాటే ఎండలు మన వరంగల్‌కు కొత్త కావు. చెమటతోనే నీరు, ఉప్పు కోల్పోయే ఆ రోజులలో ఈ మాత్రలు వేసుకోవడం వడదెబ్బను చేజేతులా ఆహ్వానించడమే.

క్రీడారంగం ఈ విషయంలో చేదు పాఠాలు నేర్చుకొన్నది. 1988 సియోల్ ఒలింపిక్స్‌లో బల్గేరియా వెయిట్‌లిఫ్టర్లు మిట్కో గ్రబ్లెవ్, ఏంజెల్ గెంచెవ్‌ల మూత్రంలో ఫ్రుసమైడ్ బయటపడడంతో వారి స్వర్ణపతకాలను వెనుకకు తీసుకొన్నారు. 2003 ప్రపంచకప్ క్రికెట్ పోటీల ఆరంభంలోనే ఆస్ట్రేలియా స్పిన్ బౌలర్ షేన్ వార్న్ ఇంటిదారి పట్టవలసి వచ్చింది. సన్నగా కనిపించడానికి తల్లి ఇచ్చిన మాత్ర వేసుకొన్నానని ఆయన చెప్పినా ఏడాది నిషేధం తప్పలేదు. ఇతర నిషిద్ధ మందుల జాడను మరుగుపరుస్తాయి గనుక ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ మూత్రవర్ధకాలను నిషిద్ధాల జాబితాలో ఉంచింది.

మాత్రల ప్రసక్తి లేని చోట కూడా నీటి లోటు ఎంత చేటో తెలిపే ఉదాహరణ మన తెలంగాణలోనే ఉన్నది. నిజామాబాద్ బిడ్డ నిఖత్ జరీన్ 2022లో 52 కిలోల విభాగంలో, 2023లో 50 కిలోల విభాగంలో ప్రపంచ బాక్సింగ్ విజేతగా నిలిచింది. అంతటి క్రీడాకారిణి 2024 పారిస్ ఒలింపిక్స్‌లో ఓటమి తరువాత, బరువు కోసం రెండు దినాలు ఆహారం తీసుకోలేదని, తూకం ముగిసేవరకు నీరు కూడా తాగలేదని, తేరుకొనే వ్యవధి దొరకలేదని కన్నీటితో చెప్పింది. శిక్షకుల నడుమ ఉండే విజేత పరిస్థితే ఇది కాగా, హాస్టల్ గదిలో ఎవరికీ చెప్పకుండా మాత్ర మింగే విద్యార్థి మాటేమిటి?

పూడికను తట్టలకొద్దీ తీసినట్లే కొవ్వును కూడా ఓపికతో తీయాలి. నూనె, తీపి పదార్థాలు తగ్గించి, పప్పు, ఆకుకూరలు, జొన్నరొట్టె వంటివి మితంగా తింటూ, నిత్యం వేగంగా నడిచేవారు వారానికి అరకిలో నుండి కిలో వరకు క్షేమంగా తగ్గవచ్చు. వైద్యుడు మూత్రవర్ధకాలు రాసిన పెద్దలు మాత్రం ఇది చదివి వాటిని సొంతంగా మానరాదు. మీ మిత్రులెవరైనా రహస్యంగా ఈ మాత్రలు వాడుతున్నట్లు తెలిస్తే వారిని గేలి చేయకండి. ఇంట్లో పెద్దలకో, అధ్యాపకులకో తెలిపి వైద్యుని వద్దకు తీసుకొని వెళ్లండి. గుండెదడ, సొమ్మసిల్లడం, కండరాల బలహీనత కనిపిస్తే ఆలస్యం చేయక ఆసుపత్రికి చేర్చండి. త్రాసు చూపే అంకె దేహం బరువును తెలుపుతుందే గాని దాని ఆరోగ్యాన్ని తెలుపదు. ఆ అంకె కోసం ప్రాణాన్ని పణంగా పెట్టడం వివేకం కాదు.