కింది వరుస కట్టుడు పళ్లు వదులు కావడానికి కారణాలు, చికిత్సా పద్ధతులు

హైదరాబాద్: చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ వీధులలో దంత వైద్యశాలలకు కొదవ లేదు. అయినప్పటికీ కింది వరుస కట్టుడు పళ్లు నిలవక, వాటిని డబ్బాలో దాచి మెత్తని అన్నంతోనే కాలం గడిపే వృద్ధులు అనేకులు. దీనివల్ల వారికి పోషకాహార లోపం ఏర్పడే ప్రమాదమున్నది.

పై వరుసకు అంగిలి విశాలమైన ఆధారం కాగా, కింది వరుసకు సన్నని చిగురు గట్టు మాత్రమే ఆధారం. నాలుక కదలిక దానిని నిలువనీయదు. పళ్లు తీసిన పిదప దవడ ఎముక క్రమంగా అరుగుతుంది. 25 ఏళ్ల పరిశీలనతో 1972లో ప్రచురితమైన అధ్యయనం ప్రకారం, కింది దవడ అరుగుదల పై దవడకన్నా సుమారు 4 రెట్లు అధికం.

టైటానియం ఎముకతో గట్టిగా అతుక్కుంటుందని గుర్తించిన స్వీడన్ శాస్త్రవేత్త బ్రోనెమార్క్, 1965లో తొలిసారి రోగికి దంత ఇంప్లాంట్లు అమర్చారు. పళ్లన్నీ పోయిన కింది దవడకు, 2 ఇంప్లాంట్లపై నిలిచే కట్టుడు పళ్లే మొదటి ఎంపిక కావాలని 2002లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో సమావేశమైన నిపుణులు సూచించారు. మధుమేహం అదుపులో లేనివారికి, పొగతాగేవారికి ఇంప్లాంట్లు విఫలమయ్యే అవకాశం ఎక్కువ.

ఇంప్లాంట్ల వ్యయం భరించలేనివారు వదులైన పళ్లను పారవేయనవసరం లేదు. చిగురు కొలత మళ్లీ తీసి, లోపలి భాగాన్ని సరిచేసే రీలైనింగ్ పద్ధతి ఉన్నది. రాత్రివేళ పళ్లు తీసి, శుభ్రపరచి, చల్లని నీటిలో ఉంచాలి. వేడినీటిలో వేస్తే అవి వంకర పోతాయి.

అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఆసుపత్రిలో కృత్రిమ దంతాల విభాగం ఉన్నది. కట్టుడు పళ్లు ధరించేవారు నొప్పి లేకున్నా ఏడాదికొకసారి పరీక్ష చేయించుకోవడం శ్రేయస్కరం.