తేనెటీగల జిగురు - జఠర క్యాన్సరు

తేనెటీగలనగానే మనకు తేనె, మైనము జ్ఞప్తికి వచ్చును. తేనెపట్టులో మూడవ పదార్థము కూడ ఒకటి కలదు. యూరపులోని తేనెటీగలు పోప్లార్ మొదలగు చెట్ల మొగ్గలపై ఊరెడి జిగురును సేకరించి, మైనముతో కలిపి, తమ గూటిలోని పగుళ్లను పూడ్చుకొనును. గూటిలో చొరబడి చచ్చిన చిట్టెలుకను అవి బయటకు ఈడ్వలేవు. అప్పుడు దానిపై ఈ జిగురును దట్టముగా పూసి కుళ్లకుండ చేయును. దీని పేరు ప్రొపోలిస్. గ్రీకు భాషలో 'నగరమునకు ముందున్నది' అని దాని అర్థము.

ఈ జిగురులోని అనేక రసాయన పదార్థములలో ఒకటి కెఫీక్ ఆమ్ల ఫెనిథైల్ ఎస్టరు. ఆమ్లము, ఆల్కహాలు కలిసి నీటిని విడిచినచో ఎస్టరు ఏర్పడునని విద్యార్థులు చదువుకొనియే యుందురు. ఇందలి ఆమ్లము కాఫీ పేరిట పిలువబడునది. ఆల్కహాలు గులాబీ పరిమళములో నుండునది. ఎస్టరు అణువులో 17 కర్బన, 16 ఉదజని, 4 ఆమ్లజని పరమాణువులు కలవు.

1988లో న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయమునకు చెందిన గ్రూన్‌బెర్గర్, ఆయన సహచరులు ఈ ఎస్టరు సాధారణ కణములకంటె క్యాన్సరు కణములకే ఎక్కువ హాని చేయుచున్నదని ప్రకటించిరి. తరువాత దీనిని జఠర క్యాన్సరు కణములపైనను ప్రయోగించిరి. ఒక రోగి కంతినుండి తీసి ప్రయోగశాలలలో పెంచుచు వచ్చిన ఏ.జి.ఎస్. అను కణములు ఇందుకు ఉపయోగపడినవి. ఎస్టరు తగిలిన కణములు ముడుచుకొనినవి; వాని డి.ఎన్.ఏ. తునుకలైనది. పండుటాకు రాలినట్లు కణము క్రమముగా తనంతట తాను నశించుట యిది. 1972లో దీనికి పెట్టిన అపాప్టోసిస్ అను పేరునకు గ్రీకులో రాలుట యనియే అర్థము. క్యాన్సరు కణములు సాధారణముగా ఈ మరణమును తప్పించుకొనుచుండును.

అవి ఎట్లు తప్పించుకొనును? కణద్రవ్యములో ఎన్.ఎఫ్.-కప్పా-బి అను ప్రోటీను వేరొక ప్రోటీనుచే బంధింపబడి యుండును. వాపును కలిగించు సంకేతము అందగానే బంధము తొలగును. అప్పుడది కేంద్రకములోనికి పోయి, వాపును పెంచు జన్యువులను, కణమును చావకుండ కాపాడు జన్యువులను మేల్కొల్పును. ఎస్టరు దీనిని కేంద్రకము చేరనీయదని 1996లో ప్రకటింపబడిన పరిశోధన తెలిపినది.

జఠరము విషయములో ఇది ముఖ్యము. 1982లో ఆస్ట్రేలియాలో వారెన్, మార్షల్ కనుగొనిన హెలికోబాక్టర్ పైలోరీ అను సూక్ష్మజీవి జఠరపు లోపొరలో చిరకాలము వాపును నిలుపును. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన సంస్థ 1994లో దీనిని క్యాన్సరు కారకముగా నిర్ణయించెను. ఈ సూక్ష్మజీవి జఠర కణములలో పై ప్రోటీనును మేల్కొల్పును. ప్రయోగశాలలో ఎస్టరు దానిని అడ్డగించినది.

ఇంతమాత్రమున ప్రొపోలిస్‌ను ఔషధమనవచ్చునా? అనరాదు. గాజు పళ్లెములోని కణములు ఉప్పు ఎక్కువైనను చచ్చును. మందు శరీరములో తగిన మోతాదున కంతిని చేరవలెను. దారిలో ఎంజైములు ఎస్టరును విడగొట్టవచ్చును. ఎలుక రక్తరసములో కొన్ని గంటలలో విడిపోయిన ఈ పదార్థము మానవ రక్తరసములో అట్లు విడిపోలేదని 2007లో ప్రకటింపబడినది. కావున ఎలుకపై వచ్చిన ఫలితమును మానవునికి నేరుగా అన్వయింపరాదు. మరియు ప్రొపోలిస్ అంతట ఒకే విధముగా నుండదు. బ్రెజిల్ దేశపు ఆకుపచ్చ ప్రొపోలిస్ వేరొక మొక్కనుండి వచ్చును. అందు ముఖ్యమైనది ఆర్టెపిల్లిన్-సి అను మరియొక పదార్థము. ప్రొపోలిస్ తగిలిన కొందరికి చర్మముపై దద్దురులు కూడ లేచును.

'క్యాన్సరు కణములను చంపును' అను వార్త చదివినప్పుడు విద్యార్థి మూడు ప్రశ్నలు వేయవలెను. ఎక్కడి కణములు? ఎంత మోతాదు? మనుష్యులలో పరీక్షించిరా? 2022లో ప్రపంచమున సుమారు 9 లక్షల 68 వేల మందికి జఠర క్యాన్సరు కొత్తగా వచ్చినదనియు, 6 లక్షల 60 వేల మంది దానితో మరణించిరనియు అంచనా. ఈ ఎస్టరు ఆ వ్యాధికి చికిత్సగా ఆమోదింపబడలేదు. తొలిదశలో గుర్తించి శస్త్రచికిత్స చేసినచో వ్యాధి నయమగు అవకాశము ఎక్కువ. ప్రొపోలిస్ గుళికలను నమ్మి ఆ కాలమును జారవిడుచుకొనుట ప్రాణాపాయము.