పాత టర్బో కారు కొనవచ్చా?

ఏటా ఈ సంచికలో మేము రాసేది స్కాలర్‌షిప్పుల గురించి, పదో తరగతి ఫలితాల గురించి. ఈసారి కారు గురించి రాస్తున్నామంటే దాతలు నవ్వుకోవచ్చు. అయినా రాయవలసి వచ్చింది.

మన సంస్థ ఇచ్చిన ఖర్జె హసనాతో ఇంజనీరింగు చదివిన మా పాత విద్యార్థి ఒకడు ఇప్పుడు హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాడు. తీసుకున్న అప్పు పైసాతో సహా తీర్చాడు. ఏటా ఇద్దరు పిల్లల ఫీజులు తానే కడుతున్నాడు. రమజాను పండుగ మరునాడు మా ఇంటికి వచ్చి, షీర్ ఖుర్మా గిన్నె చేతిలో ఉండగానే విషయం బయటపెట్టాడు.

"సార్, విజయవాడలో ఒక పాత స్పోర్ట్స్ కారు చూశాను. స్కోడా ఆక్టేవియా ఆర్.ఎస్., 2005 మోడల్. 3.5 లక్షలు చెప్తున్నారు. చిన్నప్పటి నుంచి ఇష్టం సార్. కొనమంటారా?"

వద్దు అనే మాట మా నాలుక చివర దాకా వచ్చింది. ఇరవై ఏళ్ళ కారు, అందులోనూ స్పోర్ట్స్ కారు, అడుగుతున్నది పెళ్ళి కావలసిన కుర్రాడు. కానీ మా 'వద్దు'కు ఆధారం ఏమిటని మమ్మల్ని మేము ప్రశ్నించుకుంటే, ఆ కారు సంగతి మాకు తెలియకపోవడం తప్ప మరేమీ కనబడలేదు. తెలియని లెక్కకు సున్నా వేసే పంతులు మంచి పంతులు కాడు. అందుకని అతని క్లాసులోనే చదివిన ఇంకొకడికి ఫోను చేశాం. ఆ అబ్బాయి పదితో చదువు ఆపేస్తే, జకాత్ నిధి నుంచి ఫీజు కట్టి ఐ.టి.ఐ.లో మోటారు మెకానిక్ ట్రేడులో చేర్పించాం. ఈనాడు విజయవాడ ఆటోనగర్‌లో నలుగురు కుర్రాళ్ళు అతన్ని ఉస్తాద్ అని పిలుస్తారు. ఈ వ్యాసంలో ఉన్న వర్క్‌షాపు జ్ఞానమంతా అతనిదే.

ముందు ఆ కారు ఏమిటో చెప్పాలి. స్పోర్ట్స్ కారు అనగానే ఇద్దరు పట్టే ఎర్రటి బండి కళ్ళ ముందు కదులుతుంది. ఇది అలాంటిది కాదు. నాలుగు తలుపులు, ఐదు సీట్లు, వెనక పెద్ద డిక్కీ. 2004లో స్కోడా దీన్ని మన దేశంలో విడుదల చేసినప్పుడు, పెట్రోలు ఇంజనుకు టర్బో బిగించిన కారు మనవారికి కొత్త. ఇంజను 1.8 లీటర్లదే అయినా శక్తి 150 హార్స్ పవర్. తెలియనివాడికి అది పాత ఆక్టేవియా. తెలిసినవాడు వెనక్కి తిరిగి చూస్తాడు.

టర్బో అంటే ఏమిటి? కంసాలి కొలిమి చూసినవారికి సులభంగా అర్థమవుతుంది. బొగ్గులు అవే, కానీ తిత్తి ఊదితే మంట లేస్తుంది. ఇంజనులోకి గాలి ఎంత ఎక్కువ పంపితే అంత ఎక్కువ పెట్రోలు మండించవచ్చు. ఆ తిత్తిని ఊదేది ఎవరు? ఇంజను వదిలేసే పొగే. సైలెన్సరు వైపు పోయే వేడి వాయువు దారిలో ఒక చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసు రెండో చివర ఉన్న ఇంకో చక్రం బయటి గాలిని నొక్కి ఇంజనులోకి తోస్తుంది. వృథాగా పోయేదాన్ని పనిలో పెట్టే ఈ ఉపాయానికి స్విట్జర్లాండు ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూషి 1905లోనే పేటెంటు పొందాడు. అమ్మకానికి వచ్చిన కార్లలో అది కనబడింది మాత్రం 1962లో, అమెరికాలో. 1975 నాటి పోర్షా 911 టర్బోతో దానికి పేరూ, భయమూ రెండూ వచ్చాయి.

పాత కారు కొనేవాడు గుర్తుంచుకోవలసింది ఆ ఇరుసును. అది నిమిషానికి లక్ష చుట్లకు పైగా తిరుగుతుంది. ఒక వైపు నిప్పులాంటి పొగ, మరో వైపు బయటి గాలి. మధ్యలో దాన్ని మోసేది పలుచని ఇంజను ఆయిలు పొర ఒక్కటే. హైవే మీద గట్టిగా తోలుకొచ్చి ఇంటి ముందు టక్కున తాళం తిప్పేస్తే ఆయిలు ప్రవాహం ఆగిపోతుంది, వేడి మాత్రం అక్కడే ఉంటుంది. మూకుడు అడుగున నూనె మాడినట్టు ఆ ఇరుసు చుట్టూ ఆయిలు మాడి నల్లటి పెచ్చు కడుతుంది. ఆపే ముందు ఒక నిమిషం ఇంజనును ఊరికే తిరగనిస్తే చాలు, ఆ బాధ చాలావరకు ఉండదు. మంచి సింథటిక్ ఆయిలు వేళకు మార్చినా అంతే. అంటే ఈ కారు వయసు దాని నంబరు ప్లేటు మీద లేదు, మునుపటి యజమానుల అలవాట్లలో ఉంది. ఒకే ఏడు పుట్టిన రెండు కార్లలో ఒకటి ఇంకా పదేళ్ళు తిరగవచ్చు, మరొకటి వచ్చే నెలలో షెడ్డు పట్టవచ్చు. పైకి రెండింటికీ ఒకే పాలిష్.

ఆదివారం పది గంటలకు ముగ్గురం బండి చూడటానికి వెళ్ళాం. అమ్మే పెద్దమనిషి మర్యాదస్తుడు, టీ తెప్పించాడు. ఉస్తాద్ టీ ముట్టలేదు. తిన్నగా వెళ్ళి బానెట్ మీద అరచేయి పెట్టాడు.

"ఇంజను వెచ్చగా ఉంది. పొద్దున తీశారా భాయ్?"

"కడగడానికి పక్కకు తీశాం అంతే."

"సరే. రేపు ఫజ్ర్ నమాజు అయ్యాక వస్తాం. అందాకా తాళం తిప్పొద్దు."

దారిలో కారణం చెప్పాడు. వెచ్చటి ఇంజను చాలా దాస్తుంది. లోపలి భాగాలు వ్యాకోచించి సందులు మూసుకుంటాయి. రాత్రంతా చల్లారిన ఇంజను మొదటి నిమిషంలో చెప్పేదే నిజం.

మరునాడు తెల్లవారుజామున స్టార్టు చేసినప్పుడు సైలెన్సరు నుంచి నీలి పొగ వచ్చింది, కాసేపటికి తగ్గింది. నీలి పొగ అంటే ఆయిలు కాలుతున్నదని అర్థం. చిక్కని తెల్ల పొగ ఆగకుండా వస్తుంటే కూలెంటు లోపలికి కారుతున్నట్టు. నలుపైతే పెట్రోలు ఎక్కువ పడుతున్నట్టు. రెండు నిమిషాలు ఊరికే ఉంచి ఒక్కసారి యాక్సిలరేటరు తొక్కితే మళ్ళీ నీలి పొగ. వాల్వు సీళ్ళు పోయి ఉండవచ్చు, టర్బో సీళ్ళు కావచ్చు, రెండూ కావచ్చు అన్నాడు ఉస్తాద్. ఇంజను ఆపి ఆయిలు మూత తీసి, లోపల వేలు పెట్టి మాకు చూపించాడు. తారులాంటి మడ్డి. గాలి గొట్టం విప్పి టర్బో ఇరుసును రెండు వేళ్ళతో కదిపాడు. పక్కలకు కాస్త కదిలితే ఫరవాలేదట, ముందుకూ వెనక్కూ కదలకూడదట. ఇది కదిలింది.

తరువాత టైమింగ్ బెల్టు సంగతి అడిగాడు. ఎప్పుడు మార్చారో అమ్మే ఆయనకు తెలియదు, బిల్లూ లేదు. ఈ ఇంజనులో బెల్టు తెగితే పిస్టన్లు వెళ్ళి వాల్వులను కొడతాయి. సిలిండరుకు ఐదేసి చొప్పున మొత్తం 20 వాల్వులు. ఒక రబ్బరు బెల్టు ఖర్చు దాచుకోబోయి ఇంజను పైభాగమంతా పోగొట్టుకున్నవాళ్ళను తాను చూశానన్నాడు. బెల్టు విషయంలో కిలోమీటర్లే కాదు, సంవత్సరాలు కూడా లెక్కే. మీటరు 78 వేలు చూపుతున్నది, బ్రేకు పెడల్ మీది రబ్బరు మాత్రం అరిగి ఇనుము కనబడుతున్నది. ఏది నమ్మాలో మా హైస్కూలు పిల్లలైనా చెబుతారు.

ఇంకొక ప్రశ్న అతను చాలా మెల్లగా అడిగాడు. "రీమ్యాప్ చేయించారా?" ఈ ఇంజను కంప్యూటరులో లెక్కలు మార్చి శక్తి పెంచడం తేలిక. కుర్రకారు చేతిలో పడిన ఇలాంటి కార్లలో చాలావాటికి ఆ ముచ్చట తీరే ఉంటుంది. శక్తి పెరిగినా క్లచ్చి, గేర్‌బాక్సు, టర్బో పాతవే గనుక భారమంతా వాటి మీద పడుతుంది. అమ్మే ఆయన నవ్వి ఊరుకున్నాడు.

టర్బో, టైమింగ్ కిట్, క్లచ్చి, టైర్లు, ఆయిలు కారే చోట్లు అన్నీ కలిపి 1.4 లక్షలని ఉస్తాద్ అక్కడే కాగితం మీద వేశాడు. ఆర్.ఎస్.కే ప్రత్యేకమైన బంపరు, సీట్ల వంటివి పాడైతే దొరకడమే కష్టమనీ, ఆ లెక్క ఇందులో లేదనీ అన్నాడు. అంటే 3.5 లక్షల కారు నిజానికి 4.9 లక్షల కారు.

మదీనా బజారులో దైవప్రవక్త (స) ధాన్యపు రాశిలో చేయి పెట్టి చూసిన సంఘటన మనందరం జుమా ప్రసంగాల్లో విన్నదే. పైన పొడి గింజలు, వేళ్ళకు లోపలి తడి తగిలింది. వాన పడిందని వర్తకుడు అన్నాడు. ఆ తడిని జనానికి కనబడేలా పైనే ఎందుకు పెట్టలేదని ఆయన నిలదీశారు. వాన కురవడం వర్తకుడి తప్పు కాదు. టర్బో అరగడం ఆ పెద్దమనిషి తప్పూ కాదు. ఇంజను ముందే వెచ్చబెట్టి ఉంచడం మాత్రం తడి మీద పొడి గింజలు పోయడమే. లోపం దాచి అమ్మిన సరుకును తిరిగి ఇచ్చే హక్కు షరీఅత్‌లో కొన్నవాడికి ఉంది. అయితే పాత కార్ల బజారులో డబ్బు చేయి మారాక ఆ హక్కు కోసం ఎన్ని గుమ్మాలు ఎక్కాలో అందరికీ తెలుసు. అందుకే రాశిలో చేయి ముందే పెట్టాలి.

కాగితాల విషయం క్లుప్తంగా చెబుతాం. సొంత కారు రిజిస్ట్రేషను 15 ఏళ్ళకు ముగుస్తుంది, ఆపైన ఫిట్‌నెస్ చూపించి 5 ఏళ్ళకొకసారి పొడిగించుకోవాలి. 20 ఏళ్ళు దాటిన కార్లకు ఈ ఫీజును కేంద్రం 2025 ఆగస్టులో 10 వేల రూపాయలు చేసింది. మేము చూసిన కారుకు గడువు ముగిసిపోయింది, "మీరే చేయించుకోండి" అన్నారు. ఢిల్లీ నుంచి చవకగా వచ్చే కార్లను చూసి మోసపోకండి. అక్కడ 15 ఏళ్ళు దాటిన పెట్రోలు కార్ల మీద ఆంక్షలున్నాయి గనుకనే ఆ చవక. ఇక్కడికి తెచ్చాక ఎన్.ఓ.సి., లైఫ్ ట్యాక్స్ కలిస్తే చవక మిగలదు. ఫైనాన్సు బాకీ తీరినట్టు ఆర్.సి.లో నమోదు కాకపోతే బేరమే వద్దు.

ఇక డబ్బు. "లోను తీసుకుంటావా?" అని అడిగాం. "లేదు సార్, వడ్డీ జోలికి పోను. మూడేళ్ళుగా దాచాను, 6 లక్షలున్నాయి" అన్నాడు. ఆ డబ్బు మీద జకాత్ ఇచ్చావా అంటే తెల్లబోయాడు. వాడుకునే కారు మీద జకాత్ లేదు గనుక కారు కోసం దాచిన డబ్బు మీదా లేదనుకున్నాడట. చాలామంది దాతలు ఇదే పొరపాటు పడుతున్నారు. కారైనా, ఇల్లైనా, పెళ్ళైనా, దేనికోసం దాచినా సరే, నిసాబ్‌కు మించి చాంద్రమాన సంవత్సరం నిండిన సొమ్ముకు జకాత్ ఉంది. 6 లక్షలకు 2.5 శాతం చొప్పున 15 వేలు. గడిచిన ఏళ్ళకు కూడా లెక్క కట్టి ఆ వారమే చెల్లించాడు, అల్హమ్దులిల్లాహ్.

ఇది దుబారా కాదా అని మా కమిటీలో ఒక పెద్దాయన అడిగారు. మా అభిప్రాయం వేరు. హలాల్ సంపాదనలో, అప్పు లేకుండా, ఇవ్వవలసినవారికి ఇచ్చాక మనిషి ఒక ఇష్టం తీర్చుకుంటే తప్పు పట్టలేం. లెక్క చూసుకోకుండా కొని, తరువాత రిపేర్ల కోసం పిల్లల ఫీజులు ఆపేస్తే అది దుబారా. ఆ మాటే అతనితో అన్నాం. పదవీ విరమణకు దగ్గరపడిన మేము స్కూటరు మీద తిరుగుతున్నాం కాబట్టి అందరూ స్కూటరు మీదే తిరగాలనడం న్యాయం కాదు కదా.

ఆ కారు కొనలేదు. గుంటూరులో ఇంకొకటి కనబడింది. ఒకే యజమాని, 2004 నుంచి ప్రతి ఆయిలు మార్పిడికీ బిల్లు, బెల్టు మార్చిన తేదీ, గ్యారేజీ ముద్ర. ధర 4.25 లక్షలు. ఉస్తాద్ లెక్కలో ఇది ఆ 3.5 లక్షల కారు కంటే చవక. ఫజ్ర్ తరువాత చల్లని ఇంజను చూసి వచ్చాడు, పొగ లేదు. సస్పెన్షను బుష్షులు మార్చాలన్నాడు. మొత్తం సొమ్ములో లక్ష రూపాయలు కారు కోసమే పక్కన ఉంచుకోవాలని షరతు పెట్టాడు. ఈ సంచిక అచ్చుకు వెళ్ళేనాటికి బేరం ఇంకా తెగలేదు.

ఈలోగా అబ్బాయి తన పాత స్విఫ్టును అమ్మకానికి పెట్టాడు. దాన్ని ఆటోనగర్ తీసుకెళ్ళి, "నా బండిలో కూడా చేయి పెట్టి చూడరా" అని స్నేహితుడిని అడిగాడట. ఎడమ తలుపు ఒకసారి గుద్దుకుని మారింది, ఏసీ కంప్రెసరు శబ్దం చేస్తోంది, రెండు టైర్లు అరిగాయి. ఉస్తాద్ రాసిచ్చిన ఆ చీటీని అతను ముందు అద్దానికి లోపలి వైపు అంటించాడు. చూడటానికి వచ్చినవారిలో ఇద్దరు అది చదివి వెళ్ళిపోయారు. మూడో ఆయన చీటీ మొత్తం చదివి, 15 వేలు తగ్గించమని అడిగి, బండి తీసుకున్నాడు.