సైకిలు దొంగ ముందు మీ తాళం ఎంతసేపు నిలుస్తుంది?

బడి నుంచి వచ్చారు. సైకిలును వసారాలో నిలబెట్టి, వెనక చక్రం తాళాన్ని టక్కున నొక్కి, తాళంచెవి జేబులో వేసుకుని లోపలికి వెళ్ళిపోయారు. ఇక సైకిలు భద్రంగా ఉన్నట్లేనా?

ఒకసారి వంగి ఆ తాళాన్ని చూడండి. గుర్రపు నాడా ఆకారంలో ఉన్న చట్రం నుంచి ఒక ఉక్కు కడ్డీ వచ్చి స్పోకుల మధ్య దూరుతుంది. చక్రం తిరగబోతే స్పోకులు ఆ కడ్డీకి తగిలి ఆగిపోతాయి. అంటే ఈ తాళం సైకిలును తొక్కనివ్వదు, దొర్లించనివ్వదు. అంతే! ఎత్తుకుపోతే ఏమీ చేయలేదు. మామూలు సైకిలు బరువు సుమారు 20 కిలోలు. దాన్ని భుజాన వేసుకుని వీధి చివరిదాకా నడవడం ఒక పెద్దమనిషికి కష్టమా? మోటారు సైకిలు హ్యాండిలు తాళం సంగతీ ఇంతే. బండిని తిన్నగా నడపనివ్వదు గాని, నలుగురు కలిసి వ్యానులోకి ఎత్తితే ఊరుకుంటుంది.

కాబట్టి సైకిలును కదలని వస్తువుకు కట్టాలి. గొలుసును ముందు చక్రానికి మాత్రమే వేసి కిటికీకి కట్టారనుకోండి. దొంగ రెండు నట్లు విప్పుతాడు, తెల్లవారేసరికి మీకు చక్రం మాత్రమే మిగులుతుంది! గొలుసు సైకిలు చట్రం గుండా, వెనక చక్రం గుండా వెళ్ళి, గోడలోకి దిగిన గ్రిల్లునో స్తంభాన్నో చుట్టాలి.

ఇప్పుడు దొంగ గొలుసును తుంచాలి. అతని చేతిలోని కట్టరు ఏమిటి? మీరు పాఠంలో చదివిన మీటే. ఆధార బిందువు నుంచి పిడి చివర 60 సెంటీమీటర్లు, దవడ 3 సెంటీమీటర్లు ఉంటే, చేతి బలం 20 రెట్లవుతుంది. 30 కిలోల బరువుకు సమానమైన బలంతో నొక్కితే దవడల దగ్గర 600 కిలోలు! గొలుసు నేలమీద పడి ఉంటే అతని పని మరీ సులువు. ఒక పిడిని నేలకు ఆనించి రెండోదానిపై ఒళ్ళంతా మోపుతాడు. గొలుసు నడుమెత్తున బిగువుగా ఉంటే చేతుల బలం ఒక్కటే గతి. ఈ ఏర్పాటుకు మీకు పైసా ఖర్చు లేదు.

గొలుసు లావు కూడా చూడాలి. 5 మిల్లీమీటర్ల కడ్డీకి బదులు 10 మిల్లీమీటర్ల కడ్డీ అయితే తెగవలసిన వైశాల్యం రెట్టింపు కాదు, నాలుగు రెట్లు. ఉక్కు గట్టిదనమూ ముఖ్యమే. ఎర్రగా కాల్చి నూనెలోనో నీటిలోనో ముంచి చల్లార్చిన ఉక్కు బాగా గట్టిపడుతుంది. ఇంట్లో పనికిరాని పాత తాళంకప్ప ఉంటే దాని కొక్కెంపై ఆకురాయితో రుద్దండి. పైపూత పోయాక ఆకురాయి లోహాన్ని కొరికితే అది మెత్తని ఇనుము. కొరకకుండా జారిపోతే గట్టిపరచిన ఉక్కు.

అసలు తెరవలేని తాళమంటూ ఉందా? ఇంగ్లండులో జోసెఫ్ బ్రామా 1784లో పేటెంటు పొందిన తాళాన్ని లండను దుకాణం కిటికీలో ఉంచి, తెరిచినవారికి 200 గినీలిస్తామని ప్రకటించారు. అరవై ఏళ్ళకు పైగా అది లొంగలేదు. 1851లో ఆల్ఫ్రెడ్ హాబ్స్ అనే అమెరికన్ 16 రోజులపాటు, మొత్తం 51 గంటలు కుస్తీ పట్టి తెరిచాడు! తాళం ఇచ్చేది కాలమే. దొంగకు 51 నిమిషాలు కూడా ఓపిక ఉండదు.

అంకెల తాళం కొంటారా? అయితే లెక్క వేయండి. మూడు చక్రాలుంటే 1,000 సంఖ్యలు. ఒక్కోదానికి 2 సెకన్ల చొప్పున అన్నీ ప్రయత్నించడానికి సుమారు 33 నిమిషాలు. నాలుగు చక్రాలైతే 10,000 సంఖ్యలు, అయిదున్నర గంటలకు పైమాటే. కాని చాలామంది తాళం వేశాక చివరి చక్రాన్ని ఒక్క అంకె మాత్రమే తిప్పి వదిలేస్తారు. దొంగ ముందుగా తిప్పేది దాన్నే! అన్ని చక్రాలనూ చెదరగొట్టండి.

ఈ సాయంత్రం ఇంకొక పని చేయండి. సైకిలును తలకిందులు చేసి, పెడళ్ళ ఇరుసు ఉండే గొట్టం అడుగున చూడండి. సాధారణంగా అక్కడో, సీటు కింది గొట్టం మీదో ఒక సంఖ్య చెక్కి ఉంటుంది. పోయిన సైకిలు దొరికినప్పుడు అది మీదేనని పోలీసులకు చూపగల గుర్తు అది. నోటుబుక్కులో రాసుకోండి. మట్టి, తుప్పు పట్టి అంకెలు కనబడకపోతే కాస్త కిరసనాయిలు గుడ్డతో తుడిచి చూడండి.